టౌరిన్: ఎద్దు పిత్తం నుంచి గుళికల సీసా దాకా

గత మాసంలో ఒక ఆదివారం సాయంకాలం మా ఇంటి వరండాలో ఒకే కుటుంబానికి చెందిన ఇద్దరు నా ఎదుట కూర్చున్నారు. ఒకరు పశ్చిమ మారేడ్‌పల్లిలో మా వీధిలోనే నివసించే విశ్రాంత రైల్వే ఉద్యోగి. వయస్సు 72. రక్తపోటు, మధుమేహం రెండూ ఉన్నవారు, పుట్టుకతో శాకాహారి. రెండవవాడు ఇంజనీరింగు చదువుతున్న ఆయన మనుమడు. తాతగారి చేతిలో ఒక గుళికల సీసా. మనుమని సంచిలో పొడవాటి ఖాళీ డబ్బా. రెండింటి మీదా ఒకే పదార్థం పేరు అచ్చయి ఉంది: టౌరిన్.

"డాక్టరు గారూ, ఇది ముసలితనాన్ని వెనక్కు నెడుతుందని పత్రికలో చదివాను. మాబోటి శాకాహారుల ఒంట్లో ఇది తక్కువగా ఉంటుందట. రక్తపోటును కూడా దించుతుందట. అందుకే పది రోజులుగా రాత్రి వేసుకునే బీపీ మాత్ర మానేశాను" అన్నారాయన, ఏదో మంచిపని చేసినవారి ముఖంతో.

ఆ చివరి మాట విన్న తరువాత నేను మరేమీ అడగకుండా లోపలికి వెళ్ళి రక్తపోటు కొలిచే యంత్రం తెచ్చాను. 172/98. మనుమని సంగతి వేరు. పరీక్షకు ముందురాత్రి రెండు డబ్బాలు తాగి, తెల్లవారుజామున గుండె దడదడ కొట్టుకోగా భయపడి కూర్చున్నాడట. "టౌరిన్ వల్లే కదా తాతగారూ?" అని నన్ను అడిగాడు.

తాతగారు దానిని అమృతమనుకొన్నారు, మనుమడు విషమనుకొన్నాడు. వారికి ఆ సాయంకాలం క్లుప్తంగా చెప్పిన సంగతిని పాఠక మిత్రుల కోసం ఇక్కడ కొంత విపులంగా వ్రాస్తున్నాను. ఇది సుమారు రెండు వందల ఏండ్ల కథ. దీనిలో జర్మనీ ఎద్దులు, అమెరికా పిల్లులు, జపాను మందుల కంపెనీలు ఉన్నాయి. మన తార్నాక కూడా, కొంచెం పక్కదారిన, ఉంది.

1827లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ టీడెమాన్ అనే శరీరశాస్త్రజ్ఞుడు, లియోపోల్డ్ గ్మెలిన్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు కలిసి జీర్ణక్రియను పరిశోధిస్తూ ఎద్దు పిత్తం నుంచి తెల్లని స్ఫటికాలను వేరుచేశారు. లాటిన్ భాషలో ఎద్దును 'టౌరస్' అంటారు. దాని మీదుగా కొన్నేండ్ల తరువాత ఈ పదార్థానికి టౌరిన్ అనే పేరు స్థిరపడింది. పేరులోని ఎద్దు నేటికీ కొందరిని కలవరపెడుతూనే ఉంది. ఎద్దు వీర్యం నుంచి తీస్తారనీ, మూత్రం నుంచి తీస్తారనీ వాట్సాప్‌లో తిరిగే సందేశాలను నాకు పంపి, నిజమేనా అని అడిగేవారు ఏటా కొందరైనా ఉంటారు. నిజం కాదు. నేడు పానీయాలలోనూ గుళికలలోనూ వాడే టౌరిన్ కర్మాగారంలో రసాయనాల నుంచి తయారవుతుంది. దానికి ఏ పశువుతోనూ సంబంధం లేదు.

పిత్తం మాట వచ్చింది కనుక ఒక్క విషయం. మన ఇండ్లలో పసిపిల్లలకు జలుబు చేస్తే పెద్దవాళ్ళు గోరోచనం అరగదీసి నాకించేవారు. అది పశువుల పిత్తాశయంలో ఏర్పడే రాయి. బిలిరుబిన్, పిత్తామ్లాలతో పాటు దానిలో కొద్దిపాటి టౌరిన్ కూడా ఉంటుంది. అంటే ఆ పేరు ఎరుగకుండానే మనవాళ్ళు దానిని రుచి చూశారన్నమాట. ఈ మాట చదివి ఎవరూ గోరోచనం కోసం బజారుకు వెళ్ళవద్దు. అసలు దొరకడం దుర్లభం. దొరికినా పసిబిడ్డకు పెట్టదగిన వస్తువు కాదు.

టౌరిన్‌ను అమైనో ఆమ్లమని పిలవడం వాడుక. ఖచ్చితంగా చెప్పాలంటే అది ఆ కుటుంబానికి దూరపు చుట్టం. మిగిలిన అమైనో ఆమ్లాలు పూసలవలె ఒకదానికొకటి గుచ్చుకొని ప్రోటీన్ల దండలవుతాయి. టౌరిన్ ఏ దండలోనూ చేరదు, కణాలలో విడిగానే ఉంటుంది. దాని అణువులో గంధకం ఉంది. ఆ గంధకాన్ని మొదటి విశ్లేషకులు గుర్తించనేలేదు. 70 కిలోల మనిషి శరీరంలో ఇంచుమించు 70 గ్రాముల దాకా ఇది ఉండవచ్చునని లెక్క. గుండె కండరంలో, కంటి రెటీనాలో, మెదడులో, తెల్ల రక్తకణాలలో దట్టంగా ఉంటుంది. కాలేయంలో పిత్తామ్లాలతో కలిసి కొవ్వును జీర్ణం చేయడానికి తోడ్పడుతుంది. కణంలోని నీటి పరిమాణాన్ని, కాల్షియం రాకపోకలను సరిచూస్తుంది. ఇన్ని పనులున్నా దాదాపు నూటయాభై ఏండ్లపాటు వైద్యలోకం దానిని జీవక్రియలో మిగిలిన వ్యర్థమనే భావించింది.

టౌరిన్ బయటపడిన సరిగ్గా నూరేండ్లకు, 1927లో, కండరాల శక్తి గురించిన అసలు రహస్యం ఒకటి తెలిసింది. దానిని తెలిపినవారిలో ఒకరు మన భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉన్నదని కనుగొన్నారు. 1929లో ఏటీపీని కూడా వారు వెలికితీశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దానిని స్వతంత్రంగా కనుగొన్నారు. మన నడక, పరుగు, గుండె ప్రతి స్పందన ఈ అణువులు విడుదల చేసే శక్తితోనే సాగుతాయి. మనుమడికి నేను చెప్పినది ఇదే: "నాయనా, నీ డబ్బా మీద 'ఎనర్జీ' అని వ్రాసిన దానిలో సుబ్బారావు గారు చూపిన అర్థంలో శక్తినిచ్చేది చక్కెర ఒక్కటే. టౌరిన్‌ను శరీరం ఇంధనంగా మండించదు. కెఫీన్ శక్తిని ఇవ్వదు. అలసట కబురు మెదడుకు చేరకుండా తలుపు మూస్తుంది, అంతే."

టౌరిన్ వ్యర్థపదార్థం కాదని మొట్టమొదట నిరూపించినవి పిల్లులు. 1975లో హార్వర్డ్‌కు చెందిన కె. సి. హేయస్, ఆయన సహచరులు 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధనను ప్రకటించారు. పాల ప్రోటీన్ అయిన కేసీన్‌ను మాత్రమే ప్రోటీన్‌గా ఇచ్చి పెంచిన పిల్లులకు క్రమంగా రెటీనా క్షీణించి చూపు పోతున్నది. ఆహారంలో మిగిలినవన్నీ సమంగానే ఉన్నాయి. లోపించినది టౌరిన్ ఒక్కటే. అనేక జంతువులు మాంసకృత్తులలోని గంధక అమైనో ఆమ్లాలైన మెథియొనిన్, సిస్టీన్‌ల నుంచి తమకు కావలసిన టౌరిన్‌ను తామే తయారు చేసుకొంటాయి. పిల్లికి ఆ శక్తి బహు స్వల్పం. పైగా అది తన పిత్తామ్లాలను టౌరిన్‌తో మాత్రమే కలుపుతుంది కనుక నిత్యం ఖర్చు ఉంటుంది. ఎలుకను పట్టి తినే ప్రాణికి స్వయంగా తయారు చేసుకోవలసిన అవసరం ఏమున్నది?

పిల్లికి పాలుపోసి పెంచడం మన ఆచారం. పెరుగన్నం తింటూ పెరిగిన మా చిన్ననాటి పిల్లికి చూపు ఎందుకు పోలేదని ఈ వ్యాసాన్ని చదివిన రోజుల్లో నేను ఆలోచించాను. దాని రాత్రి సంచారంలో, ధాన్యపు కొట్టులో, జవాబు ఉన్నది.

1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ పియాన్ బృందం మరొక అడుగు వేసింది. పిల్లుల కోసం కంపెనీలు తయారుచేసే డబ్బా ఆహారాన్నే తింటున్న పిల్లులలో గుండె కండరం సాగి బలహీనపడే జబ్బు కనిపించింది. వాటి రక్తంలో టౌరిన్ అతి తక్కువ. టౌరిన్ ఇవ్వగా అనేక పిల్లుల గుండెలు కోలుకొన్నాయి. హృద్రోగ వైద్యంలో ఇంత స్పష్టంగా కారణం తెలిసి, ఇంత తేలికగా నయమయ్యే దృష్టాంతాలు అరుదు. సాగిపోయిన గుండె తిరిగి కుదురుకోవడాన్ని ఎక్స్-రేలో చూసిన వైద్యుడికి కలిగే ఆశ ఎటువంటిదో నేను ఊహించగలను. ఆ ఆశలోనే ప్రమాదమూ ఉంది. పిల్లి గుండె బాగుపడింది కదా, మనిషి గుండె ఎందుకు బాగుపడదు?

మనుషులలో దీనికి సమాధానం పసిపిల్లల దగ్గర మొదలయింది. తల్లిపాలలో టౌరిన్ సమృద్ధిగా ఉంటుంది, ఆవుపాలలో చాలా తక్కువ. నెలలు నిండకుండా పుట్టి, ఆవుపాల ఆధారంగా చేసిన పాలపొడి మీద పెరిగే శిశువుల రక్తంలో టౌరిన్ తగ్గుతున్నదని 1970లలో జెరల్డ్ గాల్ బృందం చూపింది. 1980లలో దీర్ఘకాలం రక్తనాళం ద్వారానే పోషకాహారం పొందవలసివచ్చిన పిల్లలలో రెటీనా విద్యుత్ స్పందనలు మారుతున్నాయని, టౌరిన్ చేర్చితే అవి చక్కబడుతున్నాయని మరొక పరిశోధన తెలిపింది. ఆ దశకం నుంచే పాలపొడి డబ్బాలలో టౌరిన్ కలపడం మొదలయింది. తల్లిపాలు తాగే బిడ్డకు దీనిని గురించి బెంగ అవసరం లేదు. ఈ మొత్తం చరిత్రలో మానవ ఆరోగ్యానికి నిస్సందేహంగా ఉపకరించినది ఈ ఘట్టమేనని నా అభిప్రాయం. లోపం ఎవరికి ఉన్నదో తెలిసింది, వారికే ఇచ్చారు, ఫలితాన్ని కొలిచారు.

అయితే ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి మాట ఏమిటి? ఒక అమైనో ఆమ్లానికీ ఒక వ్యాధికీ ముడివేసి, జంతువులలో చూసినదానిని మనుషులలో వెదికే దారి ఎంత ఆకర్షణీయమో, ఎంత మలుపులు తిరుగుతుందో మన ఊళ్ళోనే ఒకసారి రుజువైంది. అది టౌరిన్ కథ కాదు, ల్యూసిన్ కథ. సికింద్రాబాదు స్టేషను నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలోని తార్నాకలో జరిగింది.

1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి విచారణ కోసం ప్రారంభించిన చిన్న విభాగం పెరిగి పెద్దదై పోషకాహార పరిశోధన ప్రయోగశాలలుగా మారి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుంచి దానినే జాతీయ పోషకాహార సంస్థ అంటున్నాము. తార్నాక చౌరస్తా దాటి ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు వెళ్ళేవారందరూ ఆ ఆవరణను చూసే ఉంటారు. కూనూరు చలి నుంచి దక్కను ఎండలలోకి వచ్చిన ఆ శాస్త్రజ్ఞులకు ఇక్కడి ఆసుపత్రులలో ఒక వింత ఎదురైంది. అది పెల్లాగ్రా వ్యాధి.

పెల్లాగ్రా సోకినవారి చేతులు, పాదాలు, మెడ, ఎండ తగిలే భాగాలన్నీ కాలినట్లు నల్లబడి పొలుసులు లేస్తాయి. మెడచుట్టూ హారం వేసినట్లు మచ్చ పడుతుంది. విరేచనాలు పట్టుకొంటాయి. చివరకు మతి చలిస్తుంది. నేను హౌస్ సర్జనుగా ఉన్న 1970ల తొలినాళ్ళలో మా వార్డుకు పాలమూరు వైపు నుంచి ఒక కూలి స్త్రీని తీసుకువచ్చారు. తన బిడ్డల పేర్లు చెప్పలేకపోయింది. చర్మరోగమనుకొని ఒకచోట, పిచ్చి అనుకొని మరొకచోట తిప్పి చివరకు మా దగ్గరకు తెచ్చారు. నికోటినమైడ్ మాత్రలు, పాలు, గుడ్లు ఇచ్చాము. నాలుగైదు రోజులలో నాలుక పుండ్లు తగ్గాయి. రెండవ వారంలో భర్తను గుర్తుపట్టి కసిరింది. వార్డంతా నవ్వింది. మరుసటి ఏడు అదే ఋతువులో ఆమె మళ్ళీ వచ్చింది. తిండి మారలేదు కదా. పూటపూటా జొన్న గటక, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ.

పెల్లాగ్రా ప్రపంచానికి కొత్త కాదు. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో మొక్కజొన్న మీద బ్రతికే పేదలను అది వేలాదిగా బలిగొన్నది. అది అంటువ్యాధి కాదనీ తిండి లోపమనీ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ నిరూపించారు. 1937లో కాన్రాడ్ ఎల్వేజెమ్ దానికి మందు నికోటినిక్ ఆమ్లమని, అంటే నియాసిన్ అని, కుక్కలకు వచ్చే 'నల్లనాలుక' జబ్బు ద్వారా తేల్చారు. మొక్కజొన్నలో నియాసిన్ ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది, దాని నుంచి నియాసిన్ తయారుకాగల ట్రిప్టోఫాన్ కూడా తక్కువ. జొన్నకు ఈ రెండు దోషాలూ అంతగా లేవు. వరిబియ్యంతో పోల్చినా ఈ రెండూ జొన్నలో తక్కువేమీ కావు. మరి వరి తినే కూలీలకు రాని పెల్లాగ్రా జొన్న తినే కూలీలకు ఎందుకు వస్తున్నది?

సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్య గార్లు 1960లో 'లాన్సెట్' పత్రికలో తమ ఊహను ప్రకటించారు. జొన్న ప్రోటీన్‌లో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మితిమీరి ఉంది. అది ట్రిప్టోఫాన్, నియాసిన్‌ల జీవక్రియను తారుమారు చేస్తున్నదని వారి వాదం. పిల్లి విషయంలో ఒక పదార్థం లోపించడం దోషమైతే ఇక్కడ ఒకటి అధికం కావడం దోషం. తరువాతి దశాబ్దంలో తార్నాకలో జొన్న ఆహారం మీద పెంచిన కుక్కలకు నల్లనాలుక వచ్చింది. రోగులకు ల్యూసిన్ ఇచ్చినప్పుడు మానసిక లక్షణాలు ముదరడాన్ని, ఐసోల్యూసిన్ ఇచ్చినప్పుడు తెరిపి కలగడాన్ని కమలా కృష్ణస్వామి, గోపాలన్ మొదలైనవారు నమోదు చేశారు. ముదిరే ప్రమాదమున్న పదార్థాన్ని రోగికి ఇచ్చి చూడడాన్ని నేటి నైతిక సంఘాలు సులువుగా అనుమతించవు. ఆనాటి పద్ధతులు వేరు. ల్యూసిన్ తక్కువగా ఉండే జొన్న వంగడాల కోసం కూడా అన్వేషణ సాగింది.

అందమైన సిద్ధాంతం. దక్కను మట్టిలోంచి పుట్టిన సిద్ధాంతం. విద్యార్థులుగా మేము దానిని గర్వంగా చెప్పుకొనేవాళ్ళం. కాని విదేశాలలో కొన్ని ప్రయోగశాలలు అదే ప్రయోగాన్ని తమ జంతువులలో చేయగా ఫలితం రాలేదు. కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు. ల్యూసిన్ ఒక్కటే నేరస్థుడా, లేక విటమిన్ బి6 కొరత, మొత్తం తిండి లేమి కూడా దానితో చేతులు కలిపాయా అనే చర్చ దశాబ్దాలు నడిచి, ఎవరూ గెలవకుండానే సద్దుమణిగింది.

ఈలోగా వ్యాధే వెళ్ళిపోయింది. 1983లో ఎన్. టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని తెచ్చింది. తెలంగాణ పల్లెలలో జొన్న గటక స్థానంలోకి అన్నం వచ్చింది. కూలి రేట్లు కొంత పెరిగాయి, పప్పు, పాలు అప్పుడప్పుడైనా విస్తరిలోకి చేరాయి. నేను పదవీ విరమణ చేసే నాటికి పెల్లాగ్రాను పుస్తకంలోని బొమ్మలో తప్ప చూడని వైద్యులు తయారయ్యారు. ఐసోల్యూసిన్ మాత్ర ఎవరికీ ఇవ్వలేదు, తక్కువ ల్యూసిన్ జొన్న ఏ సంతకూ రాలేదు. మారినది పళ్ళెం. ఆ అన్నమే మరీ ఎక్కువై మధుమేహాన్ని వెంట తెచ్చింది. అది వేరే వ్యాసం. ఇప్పుడేమో సాయంకాలాలలో మా మారేడ్‌పల్లి వీధి మొదట్లో జొన్నరొట్టెల బండి దగ్గర కార్లు ఆగుతున్నాయి. వారికి పెల్లాగ్రా రాదు. రొట్టెతో పాటు పప్పు, పెరుగు, కూర ఉంటాయి కనుక. ఆ పాలమూరు తల్లికి ఉన్నది రొట్టె కూడా కాదు, గటక మాత్రమే.

తిరిగి టౌరిన్ దగ్గరకు వస్తాను. అది పళ్ళెంలోంచి అంగడిలోకి వెళ్ళినది జపానులో. 1962లో తైషో అనే ఔషధ కంపెనీ లిపోవిటాన్-డి అనే చిన్న సీసా పానీయాన్ని విడుదల చేసింది. 100 మిల్లీలీటర్లలో 1000 మిల్లీగ్రాముల టౌరిన్. పొద్దుపోయేదాకా పనిచేసే ఉద్యోగుల అలసటకు మందుగా అది అమ్ముడుపోయింది. అటువంటి పానీయాన్నే 1970లలో థాయిలాండులో చలియో యూవిధ్య 'క్రాటింగ్ డేంగ్' పేరుతో లారీ డ్రైవర్లకు, కార్మికులకు అమ్మారు. ఆ పేరుకు ఎర్రని అడవిదున్న అని అర్థం. ఆస్ట్రియా వ్యాపారి డీట్రిక్ మాటెషిట్జ్ దానిని రుచి చూసి, చలియోతో కలిసి 1987లో 'రెడ్ బుల్' పేరుతో యూరపులో ప్రవేశపెట్టారు. పిల్లుల గుండె గురించిన పరిశోధన వెలువడినది కూడా ఆ సంవత్సరమే. రెండింటికీ సంబంధం లేదు. కాని ఒకే పదార్థం ఒకే ఏడాదిలో ఒకచోట మందుగా నిలిచి, మరొకచోట సరుకుగా పరుగుతీయడం నాకు ఎప్పుడూ వింతగా తోస్తుంది.

సాధారణంగా 250 మిల్లీలీటర్ల డబ్బాలో సుమారు 1000 మిల్లీగ్రాముల టౌరిన్, 75 నుంచి 80 మిల్లీగ్రాముల కెఫీన్, 27 గ్రాముల దాకా చక్కెర ఉంటాయి. మాంసాహారి రోజు మొత్తం తిండిలో దొరికే టౌరిన్ 40 నుంచి 400 మిల్లీగ్రాములే కనుక డబ్బాలోని మోతాదు ఎక్కువే. అయినా ఆ పరిమాణంలో టౌరిన్ హానికరమని తేలలేదు. 2009లో యూరపు ఆహార భద్రతా సంస్థ కూడా అదే చెప్పింది. మనుమడి గుండెను పరుగెత్తించినది టౌరిన్ కాదు. ఖాళీ కడుపున గంట వ్యవధిలో దిగిన రెండు డబ్బాల కెఫీన్, చక్కెర, నిద్రలేమి, పరీక్ష భయం. మన దేశపు నిబంధనల ప్రకారం ఈ డబ్బాల మీద పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగవని హెచ్చరిక ఉండాలి. ఉంటుంది కూడా, భూతద్దం పెట్టి వెదికితే.

జపాను వైద్యులు దీనిని నిజమైన ఔషధంగానూ వాడారు. గుండె వైఫల్యంలో ఇతర మందులకు తోడుగా ఇచ్చారు. 2019లో మెలాస్ అనే అరుదైన జన్యువ్యాధిలో పక్షవాతం వంటి దాడులను నివారించడానికి అక్కడి ప్రభుత్వం అనుమతించింది. ఆ వ్యాధిలో కణాల శక్తికేంద్రాలైన మైటోకాండ్రియాలలోని ఒక ఆర్ఎన్ఏకు టౌరిన్ అతుక్కోదని ముందుగా కనుగొని, తరువాత మందుగా పరీక్షించారు. ఇదీ పద్ధతి.

మా రైల్వే మిత్రుడు చదివిన వార్తకు మూలం 2023 జూన్‌లో 'సైన్స్' పత్రికలో వచ్చిన వ్యాసం. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన విజయ్ యాదవ్ నాయకత్వంలో, ఢిల్లీలోని జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థతో సహా అనేక దేశాల పరిశోధకులు అందులో పాల్గొన్నారు. వయస్సుతో పాటు రక్తంలో టౌరిన్ తగ్గుతున్నదని, నడివయస్సు ఎలుకలకు దానిని ఇస్తే జీవితకాలం సుమారు 10 నుంచి 12 శాతం పెరిగిందని, కోతులలో ఎముకలు, చక్కెర నియంత్రణ మెరుగుపడ్డాయని వారు తెలిపారు. మనుషులకు ఇచ్చి ఆయుర్దాయాన్ని కొలవలేదు. ఆ సంగతి వ్యాసకర్తలే స్పష్టంగా వ్రాశారు. సీసాలు అమ్మినవారు వ్రాయలేదు.

రెండేండ్లు తిరిగేసరికి, 2025 జూన్‌లో, అదే పత్రికలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు మరొక వ్యాసం ప్రకటించారు. 26 నుంచి 100 ఏండ్ల వరకు గల మనుషులను, కోతులను, ఎలుకలను పరీక్షించగా ఆరోగ్యవంతులలో వయస్సుతో టౌరిన్ తగ్గడం లేదు. చాలాచోట్ల స్థిరంగా ఉంది, కొన్నిచోట్ల పెరిగింది కూడా. వయస్సు తెచ్చే తేడా కంటే మనిషికీ మనిషికీ ఉన్న తేడాయే పెద్దది. అంతకు ఒక నెల ముందు 'నేచర్' పత్రికలో ల్యుకేమియా కణాలు తమ చుట్టూ ఉన్న టౌరిన్‌ను పీల్చుకొని పెరుగుతున్నాయని ప్రయోగశాలలోనూ ఎలుకలలోనూ గమనించిన పరిశోధన వచ్చింది. టౌరిన్ కాన్సరు తెస్తుందని దీనికి అర్థం కాదు. రక్త కాన్సరు ఉన్నవారు మాత్రం తమ వైద్యునికి చెప్పకుండా ఈ గుళికల జోలికి పోకూడదు.

శాకాహారుల సంగతి. టౌరిన్ రొయ్యలలో, పీతలలో, చేపలలో, మాంసంలో ఉంటుంది. ధాన్యం, పప్పు, కూరగాయలలో ఇంచుమించు లేదు. ఏ జంతు ఉత్పత్తినీ ముట్టనివారి రక్తంలో కొంత తక్కువగా ఉంటుందన్నది వాస్తవమే. కాని మనం పిల్లులం కాము. మన కాలేయం మెథియొనిన్, సిస్టీన్‌ల నుంచి విటమిన్ బి6 సాయంతో దానిని తయారు చేసుకొంటుంది. తిండిలో తగ్గినప్పుడు మూత్రపిండాలు బయటకు పోనివ్వక దాచుకొంటాయి. మెథియొనిన్ బియ్యంలో ఉంది, నువ్వులలో ఉంది, పాలలో ఉంది. పప్పన్నం, పెరుగన్నం, నువ్వుల పొడి తింటూ వచ్చిన కుటుంబాలలో టౌరిన్ లోపంతో గుడ్డివారైనవారిని, గుండె సాగినవారిని నా నలభై ఏండ్ల వృత్తిలో నేను చూడలేదు.

రక్తపోటు మీద టౌరిన్‌కు స్వల్ప ప్రభావం ఉన్నట్లు కొన్ని చిన్న పరీక్షలు సూచించాయి. కొద్ది పాయింట్ల తేడా. ఏండ్ల తరబడి వేలాది మందిలో పక్షవాతాన్ని నివారించి చూపిన మాత్రకు అది బదులు కాదు. పైగా ఆయన క్రియాటినిన్ ఏడాదిగా కొంచెం ఎక్కువగానే ఉంది. మూత్రపిండాలు నీరసించినప్పుడు టౌరిన్ శరీరంలో పేరుకొంటుంది. ఈ ముక్క చెప్పినప్పుడు ఆయన సీసాను తిప్పి చిన్న అక్షరాలను చదవడానికి ప్రయత్నించారు. అక్కడ ఏమీ లేదు.

మానేసిన మాత్రను ఆ రాత్రి నుంచే మళ్ళీ వేసుకొన్నారు. మరునాడు ఉదయం తన వైద్యుని దగ్గరకు వెళ్ళారు. మూడు వారాల తరువాత నేను కొలిచినప్పుడు 138/84. మనుమని పరీక్షలు ముగిశాయి. రాత్రి పదకొండింటికి నిద్రపోతున్నాడని తాతగారు, పన్నెండింటికని నాయనమ్మగారు చెప్పారు. గుళికల సీసా ఇంకా వారి బీరువాలోనే ఉన్నదట. రెండు వేలు పోసి కొన్నదానిని పారవేయడానికి చేతులు రావడం లేదని ఆయన నిన్న నడకలో నాతో అన్నారు.